గింజ లేని పుచ్చకాయకు విత్తనం కట్టిన మాస్టారు

*సీడ్‌లెస్ పుచ్చకాయ వెనక జపాన్‌లోని ఓ యూనివర్సిటీ ప్రొఫెసర్ జీవితకాలపు చదువు ఉంది. ఆయన పేరు హితోషి కిహారా. గోధుమ మొక్కల్లో కనిపించిన ఓ లోపాన్ని ఏళ్ల తరబడి శ్రద్ధగా చదివి, ఆ లోపాన్నే పుచ్చతోటలో వరంగా మార్చిన శాస్త్రవేత్త ఆయన.*

శివరాత్రి దాటిందంటే చాలు, బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి ఊరి బస్టాండు పక్కన తోపుడు బండి దాకా ఎక్కడ చూసినా పుచ్చకాయలే. ముదురాకుపచ్చ రంగులో నిగనిగలాడేవి కొన్ని, చారల కాయలు కొన్ని. కొన్నేళ్లుగా పెద్ద దుకాణాల్లో వాటి పక్కనే ‘సీడ్‌లెస్’ అని చీటీ అంటించిన కాయలూ కనిపిస్తున్నాయి. కోస్తే ఎర్రటి గుజ్జులో నల్లగింజ అన్నది ఉండదు. అక్కడక్కడా మెత్తగా, తెల్లగా, నమిలితే తెలియనంత పల్చటి తొడుగులు మాత్రం ఉంటాయి.

కొనేవాళ్లలో చాలామందికి రెండు సందేహాలు వస్తాయి. ఇది తినొచ్చా? అసలు గింజే లేకపోతే తోట ఎలా వేస్తున్నారు?

మొదటిదానికి జవాబు చిన్నది: నిక్షేపంలా తినొచ్చు. రెండోదానికి జవాబు చెప్పాలంటే క్యోటో విశ్వవిద్యాలయం దాకా వెళ్లాలి. అదీ పుచ్చపాదుల దగ్గరికి కాదు, ముందు గోధుమ మడుల దగ్గరికి.

ఏడు ఎక్కంలో గోధుమలు

కిహారా 1893 అక్టోబరు 21న టోక్యోలో పుట్టారు. ఉత్తరాన మంచు ప్రాంతమైన హొక్కైడోకు వెళ్లి, సప్పోరోలో వ్యవసాయ శాస్త్రం చదివి 1918లో పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది అక్కడ ఆయన సీనియర్ తెత్సు సకామురా గోధుమల మీద ఓ ముఖ్యమైన లెక్క తేల్చారు. గోధుమ జాతుల్లో కొన్నింటి కణాల్లో 14 క్రోమోజోములుంటే, కొన్నింటిలో 28, ఇంకొన్నింటిలో 42 ఉన్నాయి. అన్నీ ఏడు ఎక్కంలో అంకెలే. సకామురా పైచదువులకు విదేశాలకు వెళ్తూ తన గోధుమ మొక్కలను కిహారా చేతికి అప్పగించారు. పాతికేళ్ల కుర్రాడి దారి అక్కడే ఖాయమైపోయింది.

1920లో కిహారా క్యోటో వచ్చారు. 1925 నుంచి రెండేళ్లు జర్మనీలో, మెండెల్ సూత్రాలను మళ్లీ వెలికితీసిన శాస్త్రవేత్తల్లో ఒకరైన కార్ల్ కారెన్స్ దగ్గర పనిచేశారు. తిరిగొచ్చి క్యోటోలో ప్రొఫెసరయ్యారు. అప్పటికే ఆయన బల్ల మీద ఓ చిక్కు ప్రశ్న ఉంది. పాస్తాకు వాడే డ్యూరమ్ లాంటి గోధుమకు 28 క్రోమోజోములు. రొట్టెలకు, మన చపాతీలకు వాడే గోధుమకు 42. ఈ రెంటినీ సంకరపరిస్తే మొక్క బాగానే మొలుస్తుంది, ఎదుగుతుంది, వెన్ను వేస్తుంది. గింజ పట్టే దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలావరకు తాలే. ఎందుకు?

జత దొరకని ఏడుగురు

కిహారా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది పుప్పొడి తయారయ్యే ఘడియను. ఆ సమయంలో తల్లి నుంచి వచ్చిన ప్రతి క్రోమోజోమూ తండ్రి నుంచి వచ్చిన తన జోడీని వెతుక్కుని పక్కన చేరుతుంది. తర్వాత జోడీలోని ఒకటి ఇటు, ఒకటి అటు విడిపోయి కొత్త కణాల్లోకి సమానంగా వెళ్తాయి. ఈ సంకర గోధుమకు ఓ వైపు నుంచి 14, మరో వైపు నుంచి 21 వచ్చాయి. మొత్తం 35. కోలాటానికి దిగినవాళ్లలో 14 జతలు కుదిరి, ఏడుగురికి ఎదురు కోల కలిపే మనిషి లేకుండా పోయినట్టు, ఏడు క్రోమోజోములు ఒంటరిగా మిగిలిపోయాయి. ఆ ఏడూ ఎటు పోవాలో తెలియక చెల్లాచెదురైతే, పుట్టే పుప్పొడి కణాల్లో ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. లెక్క తప్పిన కణం నుంచి గింజ కట్టడం కష్టం.

ఏళ్ల తరబడి ఆ మొక్కల పిల్లలను, పిల్లల పిల్లలను పెంచి లెక్కపెట్టారు కిహారా. తరాలు గడిచేకొద్దీ అవి తిరిగి 28కో, 42కో చేరుకుంటున్నాయని గమనించారు. ఈ పని నుంచే 1930లో ఆయన ‘జీనోమ్’ అన్న మాటకు గట్టి నిర్వచనం ఇచ్చారు: ఓ జీవి సక్రమంగా బతకడానికి తప్పనిసరిగా కావాల్సిన కనీసపు క్రోమోజోముల సమితి. గోధుమలో అలాంటి సమితులు ఏవేవి, ఏ జాతి నుంచి ఏది వచ్చిందో ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ వెళ్లారు. మన చపాతీ గోధుమలో మూడు రకాల సమితులుంటాయి. అందులో మూడోది గోధుమ పొలాల గట్ల మీద పెరిగే ఓ అడవి గడ్డి నుంచి వచ్చిందని 1944లో ప్రకటించారు. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో మెక్‌ఫాడెన్, సియర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడిగా అదే సంగతి తేల్చారు. రెండు దేశాల మధ్య యుద్ధం నడుస్తోంది. ఒకరి పని ఒకరికి తెలిసే వీల్లేదు. అయినా ఇద్దరి లెక్కలూ ఒకే గడ్డి దగ్గర తేలాయి.

పంటల శాస్త్రంలో కిహారా పేరు నిలబడటానికి ఈ ఒక్క పనే చాలు. కానీ గోధుమ నేర్పిన పాఠాన్ని ఆయన గోధుమ దగ్గరే వదిలిపెట్టలేదు. క్రోమోజోములకు జత కుదరకపోతే గింజ పట్టదు. గోధుమకు అది నష్టం, ఎందుకంటే మనం తినేదే గింజ. మరి గింజ అడ్డనుకునే పంటలో అయితే?

మందు చుక్క చేసిన మాయ

ఆ ఆలోచనకు సాధనం అప్పుడే అందుబాటులోకి వచ్చింది. కోల్చిసిన్ అనే మందు కీళ్లవాతానికి వాడేది. ఐరోపాలో దాన్ని ఓ గడ్డిపువ్వు దుంప నుంచి తీస్తారు. మన అడవుల్లో ఎర్రగా, పసుపుగా పూసే అడవినాభిలోనూ ఉన్నది ఇదే పదార్థం. కణం రెండుగా విడిపోబోయే వేళ ఈ మందు తగిలితే, క్రోమోజోములు రెట్టింపవుతాయి కానీ కణం మాత్రం చీలదు. మొక్కల్లో దీంతో క్రోమోజోములను రెట్టింపు చేయొచ్చని 1937లో అమెరికన్ శాస్త్రవేత్త బ్లేక్‌స్లీ, ఆయన సహచరుడు ఎవరీ చూపించారు. రెండేళ్లు తిరగకుండానే, 1939లో, క్యోటోలో కిహారా బృందం పుచ్చకాయ మీద పని మొదలుపెట్టింది.

పని చూడ్డానికి చిన్నది. పుచ్చవిత్తనం మొలిచి, రెండు బీజదళాలు విచ్చుకున్నాక వాటి మధ్య సూదిమొనంత చిగురు కనిపిస్తుంది. దాని మీద కోల్చిసిన్ ద్రావణం చుక్క వేస్తారు. బలం వెయ్యికి రెండు నుంచి నాలుగు పాళ్లు. మందు ఎక్కువైతే మొక్క చస్తుంది, తక్కువైతే మార్పు రాదు. బతికిన మొలకలు కొన్నాళ్లు గిడసబారి, మెలికలు తిరిగిన ఆకులు వేస్తాయి. తర్వాత కోలుకున్న వాటిలో ఏది మారిందో కనిపెట్టాలి. మారిన మొక్క ఆకు మందంగా, వెడల్పుగా ఉంటుంది. పువ్వు పెద్దది. పుప్పొడి రేణువు కూడా పెద్దదే. మామూలు పుచ్చకు 22 క్రోమోజోములైతే దీనికి 44.

ఈ 44 క్రోమోజోముల మొక్క గింజ లేని కాయ కాయదు. దాని కాయలో గింజలుంటాయి, కాకపోతే మామూలు కాయలో కంటే చాలా తక్కువ. దాన్ని తరం తర్వాత తరం పెంచి, గింజ కాస్త ఎక్కువ పట్టేవాటిని ఏరి, నిలకడగా వచ్చేలా చేసుకోవాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే. వేసవి పంట అది. ఒక కాపు పాడైతే మళ్లీ ఏడాది ఆగాలి.

తల్లి ఏది, తండ్రి ఏది?

అసలు ఘట్టం సంకరం. పుచ్చపాదు మీద మగపువ్వులు, ఆడపువ్వులు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు వెనక గోళీకాయంత పిందె ముందే ఉంటుంది కాబట్టి తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. మర్నాడు విచ్చుకోబోయే ఆడపువ్వుకు సాయంత్రమే తొడుగు వేస్తారు. తెల్లవారాక తొడుగు తీసి, తాము ఎంచుకున్న మగపువ్వును కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి అద్ది, మళ్లీ తొడుగు వేసి చీటీ కడతారు. పువ్వు విచ్చుకునేది ఒక్క పూటే. ఆ పొద్దు దాటితే ఆ పువ్వు ఇక దక్కదు.

44 క్రోమోజోముల మొక్కను తల్లిగా, 22 క్రోమోజోముల మొక్కను తండ్రిగా పెడితే విత్తనాలొస్తాయి. తారుమారు చేస్తే పనికొచ్చే విత్తనం రాదు. తల్లి నుంచి 22, తండ్రి నుంచి 11, కలిపి 33. పుచ్చకాయలో క్రోమోజోములు పదకొండేసి ఉండే సమితులు. ఈ కొత్త విత్తనంలో అలాంటివి మూడున్నాయి. మూడింటిని రెండుగా సమానంగా పంచలేం. గోధుమలో చూసిన చిక్కే ఇక్కడా వచ్చింది, ఈసారి కోరి తెచ్చుకున్నది. ఆ విత్తనం నాటితే పాదు ఏపుగా పాకుతుంది, పూత పూస్తుంది, కాయ కాస్తుంది. లోపల గింజ మాత్రం గట్టిపడదు.

గింజ లేని కాయకు విత్తనం ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఆ విత్తనం ఆ కాయలోంచి రాదు, గింజలున్న ఇద్దరు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ప్రతి ఏడాదీ కొత్తగా కట్టుకోవాల్సిందే. మనం తినే అరటిపండ్లలో ఎక్కువ భాగానివీ మూడు సమితులే, అందుకే వాటిలోనూ గింజ ఉండదు. కానీ అరటికి పిలకలున్నాయి. పిలక తీసి నాటితే తోట సాగిపోతుంది. పుచ్చకు ఆ దారి లేదు. తల్లి జాతిని, తండ్రి జాతిని విడివిడిగా కాపాడుకుంటూ, ఏటా సంకరం చేస్తూ ఉండే మనుషులు ఉన్నంతకాలమే సీడ్‌లెస్ పుచ్చకాయ ఉంటుంది.

యుద్ధం దాటి వచ్చిన విత్తనం

ఈ పరిశోధన సాగిన కాలం తేలికైంది కాదు. 1942లో కిహారా క్యోటో దగ్గర జీవశాస్త్ర పరిశోధనకు తన పేరిట సంస్థను స్థాపించారు. అది యుద్ధం ముదురుతున్న రోజులు. అలాంటి కాలంలోనూ తరాల మొక్కలు తెగిపోకుండా చూసుకున్నారు. 1947లో సహచరుడు ఇచిజో నిషియామాతో కలిసి గింజ లేని పుచ్చకాయ పద్ధతిని సంస్థ పత్రికలో ప్రకటించారు. మరుసటి ఏడాదే జపాన్ ప్రభుత్వం ఆయనకు ‘ఆర్డర్ ఆఫ్ కల్చర్’ పురస్కారం ఇచ్చింది. 1951లో అమెరికా ఉద్యాన శాస్త్ర సంఘం పత్రికలో ఇంగ్లిష్‌లో వివరంగా రాశాక ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది.

పత్రికలో అచ్చయినంత సులువుగా పొలంలో పాతుకోలేదు. మూడు సమితుల విత్తనానికి పైపెంకు మందం, లోపలి పిండం చిన్నది. మామూలు విత్తనంలా గుంటలో వేసి నీళ్లు పెడితే చాలావరకు మొలవవు. సుమారు 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. తడి ఎక్కువైతే కుళ్లిపోతుంది. పెంకు ఊడక మొలక లోపలే చిక్కుకుపోతుంది కాబట్టి, విత్తనం మొన దగ్గర పెంకును కొద్దిగా చిట్లగొట్టి వేసేవారు. తొలినాటి కాయల్లో కొన్ని మూడు పలకలుగా వంకరపోయేవి, కొన్నింటి లోపల గుజ్జు బోలుగా ఉండేది, తొక్క దళసరి.

ఇంకో చిక్కుంది. సీడ్‌లెస్ పాదు పుప్పొడి పనికిరాదు. కానీ పుప్పొడి తగిలితేనే పిందె నిలిచి కాయవుతుంది. అందుకే రెండు మూడు వరుసల సీడ్‌లెస్ పాదులకు ఓ వరుస మామూలు పుచ్చ వేయాలి. వాటి పుప్పొడిని వీటికి చేర్చే తేనెటీగలు తోటలో తిరగాలి. కోతకొచ్చాక రెండు రకాలూ కలిసిపోకుండా, పుప్పొడి కోసం వేసే రకానికి పైతొక్క వేరే రంగులో ఉండేలా చూసుకుంటారు. తేనెటీగలు తగ్గితే మొదట దెబ్బతినే పంటల్లో ఇదొకటి.

అమెరికాలో కోల్చిసిన్ మీద చాలాకాలం పనిచేసిన అధ్యాపకుడు ఓ.జె. ఐగ్‌స్టీ ఈ పద్ధతిని చేతబట్టి, విత్తన వ్యాపారానికి పనికొచ్చే సంకరాలను తయారుచేశారు. ట్రేలలో నారు పెంచి నాటే పద్ధతి బాగుపడ్డాక అసలు మలుపు వచ్చింది. 2014 నాటికి అమెరికాలో అమ్ముడయ్యే పుచ్చకాయల్లో అత్యధికం సీడ్‌లెస్ కాయలే. కిహారా బృందం మొదటి చుక్క వేసిన నాటి నుంచి లెక్కేస్తే డెబ్భై అయిదేళ్లు.

అరవై దాటాక కొండల బాట

కిహారాను ప్రయోగశాల మనిషి అని మాత్రమే అనుకుంటే పొరపాటు. గోధుమకు మూడో సమితిని ఇచ్చిన అడవి గడ్డి ఎక్కడ పెరుగుతుందో, ఎలా పెరుగుతుందో స్వయంగా చూడాలనుకున్నారు. 1955లో, 61 ఏళ్ల వయసులో, కారకోరం, హిందూకుష్ పర్వత ప్రాంతాలకు క్యోటో విశ్వవిద్యాలయం పంపిన శాస్త్రీయ యాత్రకు నాయకుడిగా వెళ్లారు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, ఇరాన్‌ల మీదుగా ఆ బృందం గోధుమల బంధువులను వెతికి విత్తనాలు సేకరించింది. యుద్ధం తర్వాత జపాన్ నుంచి బయల్దేరిన తొలి పెద్ద శాస్త్ర యాత్రల్లో అదొకటి.

అదే ఏడాది మిషిమాలోని జాతీయ జన్యుశాస్త్ర సంస్థకు డైరెక్టరై, 1969 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. జన్యుశాస్త్రాన్ని మలుపు తిప్పిన ‘తటస్థ పరిణామ సిద్ధాంతం’ 1968లో ఆ సంస్థ నుంచే వచ్చింది. దాని కర్త మోతో కిమురా, యువకుడిగా కిహారా ప్రయోగశాలలో పనిచేసినవాడే. హొక్కైడో మంచులో చదువుకునే రోజుల్లో పట్టుబడిన స్కీయింగ్‌ను కూడా ఆయన వదల్లేదు. 1960లో, 1964లో శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్లిన జపాన్ బృందానికి సారథ్యం వహించారు. 1986 జులై 27న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

---

సందేహాలు... జవాబులు

సీడ్‌లెస్ అంటే జన్యుమార్పిడి పంటా? కాదు. వేరే జీవి జన్యువును తెచ్చి ఇందులో పెట్టరు. పుచ్చకాయకు, పుచ్చకాయకు చేసిన సంకరం ఇది.

కోల్చిసిన్ విషం కదా, కాయలో ఉంటుందా? ఉండదు. ఆ మందు వేసేది తల్లి వంశాన్ని మొదలుపెట్టే మొలకకే. ఆ తర్వాత ఎన్నో తరాలు గడిచాక వచ్చే కాయను మనం తింటాం. రైతు తోటలో ఆ మందు ఊసే ఉండదు.

తెల్లగింజలు తినొచ్చా? తినొచ్చు. అవి పిండం ఎదగక ఆగిపోయిన ఖాళీ తొడుగులు.

ఒకటి రెండు నల్లగింజలు కనిపిస్తే మోసమా? కానక్కర్లేదు. సీడ్‌లెస్ కాయలోనూ అప్పుడప్పుడూ ఒకటీ అరా గట్టిపడతాయి.

---

మన పొలాల దాకా

మన దేశంలోనూ ఈ దారిలో నడిచిన విశ్వవిద్యాలయం ఉంది. త్రిస్సూర్ దగ్గర వెల్లనిక్కరలోని కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘షోనిమ’, ‘స్వర్ణ’ అనే రెండు సీడ్‌లెస్ రకాలను తెచ్చింది. షోనిమ గుజ్జు ఎరుపు, స్వర్ణది పసుపు. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ‘అర్క మధుర’ పేరుతో సీడ్‌లెస్ రకాన్ని ఇచ్చింది. అంతకుముందే ఆ సంస్థ బూడిద తెగులు, బూజు తెగులు వంటివాటిని తట్టుకునే ‘అర్క మాణిక్’ను తయారుచేసింది. అమెరికా రకం ‘క్రిమ్సన్ స్వీట్’ను మన దేశపు వంశంతో కలిపి కట్టిన గింజల పుచ్చ అది.

అనంతపురం వైపు కళింగర వేసే రైతుకైనా, తెలంగాణలో డ్రిప్పు, మల్చింగ్ షీటు పరిచి పుచ్చ వేసే రైతుకైనా విత్తనం ఖర్చే మొదటి బరువు. సీడ్‌లెస్ విత్తనం ఇంకా ఖరీదు. తల్లి కాయలో గింజలు తక్కువ పట్టడం, ప్రతి పువ్వుకూ మనిషి చెయ్యి పడాల్సి రావడం, మొలక శాతం తగ్గడం, అన్నీ ఆ ధరలో చేరతాయి. కాయ నుంచి విత్తనం తీసి దాచుకునే వీలు ఎలాగూ లేదు. ఇలాంటి పంటలో విత్తనం ఎవరి చేతిలో ఉందన్నది రైతుకు చాలా పెద్ద విషయం. విశ్వవిద్యాలయాలు సొంతంగా తల్లి వంశాలను, తండ్రి వంశాలను పెంచుకుని ఉంటే, సరసమైన ధరకు విత్తనం అందించే అవకాశం రైతుకు మిగులుతుంది. కేరళ చేసిన పని విలువ అక్కడే ఉంది.

వెంకటరామన్నగూడెంలో, ములుగులో మనకూ రెండు ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి. ఎండను, చౌడును, తెగుళ్లను తట్టుకునే పుచ్చ, ఖర్బూజా రకాల అవసరం మన నేలకు ఎంతో ఉంది. పప్పులోకీ పచ్చట్లోకీ వాడుకునే మన దోసకాయ కూడా ఖర్బూజా జాతిదే. మన ఊళ్లలోని నాటు దోసల్లో ఎంత వైవిధ్యముందో పెరటి తోటలు పెంచేవారికి తెలుసు. వాటన్నింటినీ ఏరి, పెంచి, గుణాలు లెక్కగట్టి, సంకరపరచడానికి ఓ మనిషికి ఒక ప్రాజెక్టు గడువు చాలదు, ఉద్యోగ జీవితమంతా కావాలి.

కిహారా జీవితం నుంచి మనం పట్టుకోవాల్సింది ఇదే. 1918లో గోధుమ మొక్కలు చేతికొచ్చిన యువకుణ్ని, దీనివల్ల మార్కెట్‌కు ఏమొస్తుందని ఎవరైనా నిలదీసి ఉంటే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. గింజ ఎందుకు పట్టడం లేదన్న ఒక్క ప్రశ్ననే పట్టుకుని ఇరవై ఏళ్లు ఉండనిచ్చింది విశ్వవిద్యాలయం. కోల్చిసిన్ వార్త వచ్చిన రోజున, దాంతో ఏం చేయాలో తెలిసిన మనిషి అక్కడ సిద్ధంగా ఉన్నది అందుకే. మన ఉద్యాన విశ్వవిద్యాలయాల్లో ఖాళీగా ఉన్న పరిశోధకుల కుర్చీలు నింపాలి. నింపినవాళ్లను ఏడాదికో పనికి మార్చకుండా ఒక పంట దగ్గర, ఒక ప్రశ్న దగ్గర నిలవనివ్వాలి. రైతు సంఘాలు ప్రభుత్వాన్ని అడిగే కోరికల జాబితాలో మద్దతు ధర పక్కన ఈ మాట కూడా చేరాలి. మంచి విత్తనం కావాలంటే, దాన్ని కట్టే మనిషిని ఇప్పటి నుంచే కుదురుగా పని చేసుకోనివ్వాలి.